నొప్పికి రెండు మార్కులు

మా దవాఖాన మెట్ల దగ్గర గోడ మీద "తల్లి నవ్వే మా సేవకు ఫలం" అని నీలి అక్షరాలతో రాసి ఉంటుంది. పదమూడేళ్లుగా ఆ గోడ పక్క నుంచే డ్యూటీకి ఎక్కుతున్నాను. మొదట్లో గర్వంగా ఉండేది. ఇప్పుడు అటు చూడాలంటేనే రోత. పెద్దాపరేషన్ అయిన తల్లి నవ్వగా మా వార్డులో నేను చూసింది చాలా తక్కువ. పళ్లు బిగబట్టడం చూశాను, దుప్పటి అంచు నోట్లో కుక్కుకోవడం చూశాను, మొగుడు పక్కనుంటే సిగ్గుపడి గోడవైపు తిరిగి ఏడవడం చూశాను.

వరంగల్‌లో ఒక ట్రస్టు వాళ్ల కాన్పుల దవాఖాన ఇది. పేరు రాయను. నా పేరు సుప్రియ, సిజేరియన్ తల్లుల వార్డులో నర్సును. నా గురించి చెప్పుకోదగ్గది పెద్దగా లేదు, ఉన్నది చెప్పుకోవడానికి బాగుండదు. చెప్పాల్సింది కట్టమ్మ గురించి.

కట్టమ్మ మా వార్డు ఆయమ్మ. యాభై నాలుగేళ్ల మనిషి. హసన్‌పర్తి నుంచి పొద్దున్నే షేర్ ఆటోలో దిగుతుంది. భర్త యాకయ్య ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. ఆయన గడప తొక్కితే ఇంటిల్లిపాదీ తుమ్ముతారట. పెళ్లైన కొత్తలో తను తుమ్ముకుంటూనే కాపురం చేశానని చెప్పి పేషెంట్లను నవ్వించబోతుంది. కుట్లు లాగుతాయని వాళ్లు నవ్వును కూడా ఆపుకుంటారు. ఇరవై ఆరేళ్ల కిందట ఊడ్చే పనికి చేరి, నోటి బలంతో, చేతి బలంతో ఆయమ్మ అయింది. బడి మొహం ఎరగదు. సంతకం పెట్టడం ఇక్కడే నేర్చుకుంది.

నోరంటే మామూలు నోరు కాదు. బాలింత మంచం మీద కాళ్లు చాపుకుని ఫోన్ చూసే మొగుళ్లను చూస్తే ఒంటికాలి మీద లేస్తుంది. "దిగు బాపు, జర దిగు. కన్నది నువ్వా, ఆమెనా?" అంటుంది. కొడుకు పుట్టలేదని మొహం మాడ్చుకున్న అత్తల ముందు తుడుపుకర్ర పెట్టి, "ఉత్తగ కూసునే బదులు గిది తుడువు" అంటుంది. ఆమె మీద ఫిర్యాదులు నెలకు రెండైనా వస్తాయి. ఎవరూ ఏమీ చేయలేరు. ఎందుకంటే ఆమె చేసే పని ఇంకెవరికీ చేతకాదు.

ఆ పని లేపడం. కడుపు కోసి కుట్టిన మనిషిని మొదటిసారి మంచం దింపాలి. ఎంత తొందరగా నడిపిస్తే అంత మంచిది, లేకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టర్లు రౌండ్స్‌లో "లేచి తిరగమ్మా" అని చెప్పి చేతులు దులుపుకుని వెళ్లిపోతారు. లేపేది కట్టమ్మ. ముందు పక్కకు తిప్పుతుంది, మోకాళ్లు మడిచి కాళ్లు కిందికి జార్చుతుంది, ఎడమచేయి మెడ కింద పెడుతుంది, కుడిచేయి వాళ్లకు అప్పగిస్తుంది. "నా చెయ్యి పట్టుకో. గిచ్చు, కొరుకు, నన్ను తిట్టు. కడుపు మాత్రం బిగబట్టకు." వాళ్లు పట్టుకుంటారు. కట్టమ్మ కుడి ముంజేయి మీద ఎప్పుడు చూసినా గోళ్ల గాట్లు ఉంటాయి.

అప్పట్లో ఆమె నోట ఇంకో మాట కూడా ఉండేది. "ఓర్చుకో బిడ్డా. ఆడపుట్టుక పుట్టినంక తప్పుతదా?" ప్రతి మంచం దగ్గరా అదే. వార్డంతా అదే మాట. తల్లులు అంటారు, అత్తలు అంటారు, డాక్టర్లు అంటారు. ఎవరికీ కడుపు కోయించుకున్న మనిషికి నొప్పి తగ్గించాలని తోచదు. ఓర్పు గురించి మాత్రం అందరూ చెబుతారు. నాకు ఆ మాట వింటే చీదర పుట్టేది. కానీ నేను చేస్తున్నది అంతకంటే నీచమైన పని, అందుకని నోరు మెదిపేదాన్ని కాదు.

మా పని సంగతి చెబుతాను. మూడేళ్ల కిందట ఏదో గుర్తింపు కోసమని వార్డులో నొప్పి చార్టులు పెట్టారు. ప్రతి తల్లినీ రోజూ పొద్దున అడగాలి, సున్నా నుంచి పది దాకా నీ నొప్పి ఎంత అని. నాలుగు దాటితే డాక్టర్‌ను పిలవాలి, ఏం చేశారో రాయాలి, గంట తర్వాత మళ్లీ అడిగి మళ్లీ రాయాలి. ఇరవై రెండు మంచాలు, ఇద్దరు నర్సులు. వారం తిరక్కముందే మాకు దారి దొరికింది. సున్నా రాస్తే దొంగతనం దొరికిపోతుంది. నాలుగు రాస్తే చాకిరీ. కాబట్టి రెండు. టేబుల్ దగ్గరే కూర్చుని, టీ తాగుతూ, ఇరవై రెండు చార్టుల్లో ఇరవై రెండు రెళ్లు. కొత్తగా చేరిన పిల్లలకు నేనే నేర్పాను. "రెండు వెయ్యి, ఎవ్వరు అడగరు" అని.

ఎవ్వరూ అడగలేదు కూడా.

రెండేళ్ల కిందట కట్టమ్మ కోడలు దీప మా దగ్గరే కన్నది. దీపది తొర్రూరు దగ్గర పల్లె. తొలి కాన్పు పుట్టింటి వాళ్లు చేయించాలి కాబట్టి అక్కడే ఏదో దవాఖానకు పోవాల్సింది. "నా కండ్ల ముందట ఉంటది, నేను చూసుకుంట" అని కట్టమ్మే పట్టుబట్టి ఇక్కడికి రప్పించింది. ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. ఊపిరి సరిగ్గా అందడం లేదని రెండో అంతస్తులో ఉన్న పసిపిల్లల వార్డుకు తీసుకెళ్లారు. మా లిఫ్టు ఏడాదిలో ఎనిమిది నెలలు పనిచేయదు. ర్యాంపు మలుపులో స్ట్రెచర్ తిరగదు, చక్రాల కుర్చీలో అయితే తీసుకెళ్లొచ్చు. కానీ కూర్చోవడమే చేతకాని మనిషిని కుర్చీలో ఎలా పెడతారు? కట్టమ్మ లేపబోయిన ప్రతిసారీ దీప సగం లేచి, కళ్లు తేలేసి వెనక్కి పడిపోయేది. "అందరు లేస్తలేరా? నీ ఒక్కదానికేనా నొప్పి? ఓర్చుకో" అని కట్టమ్మ అందరికీ చెప్పినట్టే కోడలికీ చెప్పింది, ఇంకాస్త కోపంగా. కొడుకు భానుచందర్ పైకి కిందికి తిరిగి ఫోన్‌లో ఫొటోలు తెచ్చి చూపించాడు. మూడో రోజు పొద్దున పిల్ల చనిపోయింది. గుడ్డలో చుట్టి కిందికి తెచ్చారు. దీప తన బిడ్డను మొదటిసారి తాకింది అప్పుడే.

పదిహేను రోజులకు కట్టమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. ఆ తర్వాత ఆమె నోట "ఓర్చుకో" అన్న మాట నేను వినలేదు.

ఈ ఏడు ఉగాది దాటాక మాకు కొత్త మత్తు డాక్టర్ వచ్చాడు, రమాకాంత్. ముప్పై రెండేళ్లుంటాయి. వచ్చిన వారానికే ఒక కొత్త పని మొదలుపెట్టాడు. కుట్లు వేయడం అయ్యాక, తల్లి బల్ల దిగకముందే, స్కాన్ మిషన్ దగ్గరికి లాక్కుని పొట్టకు అటుపక్కా ఇటుపక్కా చూసుకుంటూ సన్నని సూదితో మందు వేసేవాడు. ఆ సంగతి వార్డులో మాకెవరూ చెప్పలేదు. కనిపెట్టింది కట్టమ్మ. ఒక సాయంత్రం తొమ్మిదో మంచం పిల్లను లేపి హడావుడిగా నా దగ్గరికి వచ్చింది.

"సిస్టర్, జర వచ్చి చూడు. ఆ పిల్ల నా చెయ్యి గట్టిగ పట్టుకోనే లేదు. మత్తు దిగలేదో ఏమో."

వెళ్లి చూశాను. మత్తు దిగింది. కాళ్లు బాగానే ఆడుతున్నాయి. ఆ పిల్ల మంచం అంచున కూర్చుని, చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని, "గింతేనా? మా అక్క మస్తు భయపెట్టింది గద" అంటోంది.

మర్నాడు కట్టమ్మ రమాకాంత్‌ను వరండాలోనే ఆపేసింది. పాపం, ఆయన ఓపిగ్గా చెప్పాడు. "పొట్ట కండ పొరలు పొరలుగ ఉంటదమ్మా. ఆ పొరల నడుమ సన్న నరాలు పోతయి. కోత నొప్పిని మోసేది అవే. అక్కడ మందు పోస్తే పది పన్నెండు గంటలు అవి పడుకుంటయి. నొప్పి మొత్తం పోదు గని, మనిషి లేవగలుగుతది. దీన్ని నర్వ్ బ్లాక్ అంటరు."

"మంచి మందే కనిపెట్టిండ్రు సార్."

"కొత్తదేం కాదమ్మా. శానేండ్ల సంది ఉన్నదే."

"మరి మా దగ్గర ఇన్నేండ్లు ఎందుకు పొయ్యలేదు?"

కట్టమ్మ ఆ సూదికి 'పక్క సూది' అని పేరు పెట్టింది. మూడు నెలల్లో ఆమె ముంజేయి మీద గాట్లు మానిపోయాయి. అప్పటికి దీప మళ్లీ తొమ్మిదో నెలలో ఉంది. కట్టమ్మ కాయితాలు చదవలేదు, కానీ వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకునేది. "ఈసారి పక్క సూది ఉన్నది. ఈసారి నా కోడలు లేస్తది, పిల్ల కాడికి పోతది" అని కనపడిన వాళ్లందరికీ చెప్పేది. పిల్ల పైకి పోవాల్సి వస్తుందనే లెక్కలోనే ఉంది పాపం. ఆ భయం ఆమెను వదల్లేదు.

ఆ మూడు నెలలూ నేనేం చేశానంటారా? రెండే వేశాను. నొప్పి నిజంగా తగ్గిన వాళ్లకూ రెండే, ఏ కారణం వల్లో సూది పడని వాళ్లకూ రెండే.

ఆపరేషన్ థియేటర్ వాళ్లు సణగడం మొదలుపెట్టారు. ఒక్కో కేసుకు ఏడెనిమిది నిమిషాలు ఎక్కువ పడుతోందని, కేసులు వెనక పడుతున్నాయని. మా పెద్ద డాక్టరమ్మ శోభారాణి ఒక సోమవారం పొద్దున అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమె కుట్టు వేస్తే గీత కనపడదు. కానీ ఆ రోజు ఆమె మాట్లాడిన మాటలు తలచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యం. "మన దగ్గరికి వచ్చేది నాట్లేసే వాళ్లు, పత్తి ఏరే వాళ్లు. వాళ్లకు ఓర్పు ఎక్కువ రమాకాంత్. పైగా ఇదిగో చూడు," అని చార్టుల కట్ట ముందుకు తోసింది. "నువ్వు రాకముందు ఆరు నెలలవి తీయించాను. సగటు నొప్పి రెండు. నువ్వు బ్లాకులు మొదలుపెట్టాక మూడు నెలలు. సగటు రెండు. తేడా ఏది?"

రమాకాంత్ ఆ కాయితాలు తిరగేసి తెల్లమొహం వేశాడు. అప్పుడే టీ పళ్లెంతో లోపలికి వచ్చిన కట్టమ్మ ఆగిపోయింది.

"అమ్మా, ఆ కాయితాలు నమ్మకుండ్రి."

"ఏం?"

"మంచం కాడికి పోకుంటనే రాస్తరమ్మా. ఎవ్వలను అడగరు. రోజు నా కండ్ల ముందటనే."

హాలంతా నావైపు తిరిగింది. శోభారాణి మేడం అడిగింది. "సుప్రియా, నిజమేనా?"

ఉద్యోగం పోతుందనుకున్నాను. పిల్ల చదువు గుర్తొచ్చింది. ఇన్‌చార్జి సిస్టర్ పోస్టుకు నా పేరే పంపారని కూడా గుర్తొచ్చింది, అది దాచి ఏం లాభం. "లేదు మేడం. అడిగే రాస్తున్నాం" అన్నాను.

కట్టమ్మ నా మొహంలోకి ఒకసారి చూసి, కప్పులు ఒక్కొక్కటే అందరి ముందూ పెట్టింది. నా ముందు కూడా పెట్టింది. ఆ హాల్లో ఉన్న వాళ్లంతా రోజూ వార్డులో తిరిగే వాళ్లే. ఆ తల్లుల మొహాలు చూస్తూ ఆ నొప్పి రెండంటే ఎలా నమ్మారు? నమ్మడం అందరికీ సుఖంగా ఉంది, అందుకని నమ్మారు. బ్లాకులు ఆపమని ఆ మధ్యాహ్నమే ఆర్డరు వచ్చింది. స్కాన్ మిషన్ ఓపీకి తరలిపోయింది.

దీప ఆపరేషన్ గురువారం.

ఆ పొద్దున కట్టమ్మ థియేటర్ తలుపు దగ్గర నిలబడింది. రమాకాంత్ రాగానే అడ్డంగా వెళ్లి, "సార్, నా కోడలు. ఒక్కదానికి. నీ కాళ్లు మొక్కుత" అంది. ఆయన తల ఎత్తలేదు. "మేడం రాసిచ్చిండ్రమ్మా. మిషన్ కూడ ఈడ లేదు" అని లోపలికి వెళ్లిపోయాడు. ఎన్ని పుస్తకాలు చదివితే ఏం, ఒక్క కాయితానికి వణికాడు. ఆయన్ను చూస్తే అసహ్యం వేసింది. అనడానికి నాకు నోరెక్కడిది?

మళ్లీ ఆడపిల్లే పుట్టింది. ఊపిరి వేగంగా తీస్తోందని రెండు రోజులు కనిపెట్టి చూడాలని పైకి తీసుకెళ్లారు. పిల్లల డాక్టర్ "భయం లేదు" అని రెండుసార్లు చెప్పాడు. దీప చెవికి ఎక్కలేదు. "మల్ల పైకే తీస్కపోయిండ్రా?" అని ఒకటే మాట. మధ్యాహ్నానికి మత్తు దిగింది. ఆ రోజు మనుషులు తక్కువై నేను సాయంత్రం దాకా ఉండిపోయాను, అంతా చూశాను. రాసి ఇచ్చిన ఇంజెక్షన్ వేశాను, సెలైన్‌లో మందు పెట్టాను. అవి చాలలేదు. నాలుగింటికి కట్టమ్మ లేపబోయింది. ఇరవై ఆరేళ్ల నేర్పంతా పెట్టింది. మూడుసార్లూ దీప సగంలోనే ఒళ్లంతా చెమటతో వెనక్కి వాలిపోయింది.

"అత్తమ్మా, నన్ను గుంజుకపోయినా సరే. పైకి తీస్కపో. అది సచ్చిపోయినంక సూపియ్యకు."

కట్టమ్మ తనే పైకి ఎక్కింది. అద్దంలోంచి చూసి దిగివచ్చి, "ముక్కు నీదే. జుట్టు మస్తుగున్నది. పండుకున్నది" అని చెప్పింది. గంటకొకసారి ఎక్కి దిగింది. ప్రతిసారీ కొత్తగా ఏదో ఒకటి వెతికి తెచ్చి చెప్పింది, చెవులు, వేళ్లు, ఆవలింత. నా వైపు మాత్రం చూడలేదు.

శుక్రవారం పొద్దున ఏడింటికి డ్యూటీలో కూర్చుని చార్టులు తీశాను. మొదటి చార్టు మీద నా చెయ్యి దానంతటదే రెండు వేసింది. నేను ఆలోచించనైనా లేదు. ఆ అంకెను చూస్తే, అన్నంలో బొద్దింకను చూసినట్టు కంపరం ఎత్తింది. కొట్టేసి, చార్టులన్నీ పట్టుకుని లేచాను. ముందు దీప దగ్గరికే వెళ్లాను.

"దీపా, సున్నా అంటే నొప్పే లేనట్టు. పది అంటే అన్నిటికన్న ఎక్కువ. నీకెంతుంది?"

దీప పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "పది తర్వాత లేదా అక్కా?" అంది.

ఇరవై రెండు మంచాలూ తిరిగాను. ఒకామె "నిజంగనే చెప్పాల్నా?" అని అడిగింది. ఒకామె బదులు తల్లి చెప్పింది, "దానికేం నొప్పి లేదు, నేను నలుగురిని కన్న" అని. ఆమెను బయటికి పంపి మళ్లీ అడిగితే ఎనిమిది అంది ఆ పిల్ల. ఎనిమిదులు, ఏడులు, తొమ్మిదులు. ముగ్గురో నలుగురో మూడు అన్నారు. ఆ అడగడానికి పట్టింది గంట. మూడేళ్లుగా మేం మిగుల్చుకున్నది ఆ గంట.

తొమ్మిదింటికి రౌండ్స్. శోభారాణి మేడం నాలుగు చార్టులు చూసి ఆగింది. "ఏంటి సుప్రియా, ఒక్క రాత్రిలో వార్డు మొత్తానికి నొప్పి వచ్చిందా?"

"ఎప్పుడూ ఇంతే మేడం. నేనే అబద్ధం రాశాను. సోమవారం మీకు చెప్పింది కూడా అబద్ధమే. కట్టమ్మక్క చెప్పిందే నిజం."

"ఎన్నాళ్ల నుంచి?"

"చార్టు పెట్టిన కాడి నుంచి."

ఆమె మొహం ఎర్రబడింది. అందరి ముందూ నోటికి వచ్చినట్టు తిట్టింది. తర్వాత తనే మంచం మంచానికీ వెళ్లి అడగసాగింది. ఐదో మంచం దగ్గర కూడా తొమ్మిది అన్న మాటే విని ఆగి, కళ్లజోడు తీసింది. "రమాకాంత్‌ను పిలవండి. ఓపీ నుంచి మిషన్ తెప్పించండి. కావాల్సిన వాళ్లకు ఇక్కడే ఇమ్మనండి, మంచం మీదే" అంది. నావైపు తిరిగి, "ఇదంతా రాసి సంతకం పెట్టి సాయంత్రం లోపు నా టేబుల్ మీద పెట్టు" అని వెళ్లిపోయింది.

మొదటి సూది దీపకే పడింది. ముప్పావు గంట తర్వాత కట్టమ్మ మెడ కింద చేయి పెట్టింది. దీప మూలిగింది, కానీ లేచింది. మంచం అంచున కూర్చుని ఆశ్చర్యంగా తన కాళ్ల వైపు చూసుకుంది. చక్రాల కుర్చీ తెస్తానంటే వినలేదు. "నడుస్త. కుర్చి తెచ్చేదాంక ఆగితే మల్ల ఏదన్న అయితది, నడుస్త" అంది.

ర్యాంపు ఎక్కడానికి కట్టమ్మ ఒక పక్క పట్టుకోబోతే, రెండో పక్కకు నేను వెళ్లాను. కట్టమ్మ తన పక్క వదిలేసి, సెలైన్ సీసా పట్టుకుని రెండడుగులు ముందు నడిచింది. దీప బరువు నా చేతి మీద ఉంది. అడుగులో అడుగు వేసుకుంటూ సగం దాకా ఎక్కాం. పైనుంచి ఎవరి పిల్లదో ఏడుపు వినబడుతోంది. అక్కడ దీప ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది.

"అక్కా," అంది. "పొద్దున పెద్ద డాక్టరమ్మతోని నువ్వు చెప్పింది విన్న. మొదటిసారి గుడ నా చార్టు నువ్వే రాసినవా?"

"నేనే రాసిన."

"మా పాప పోయిన పొద్దున గుడ?"

"ఆఁ."

"ఎంతేసినవ్?"

అబద్ధం చెప్పడం నాకు బాగా వచ్చిన పని. ఆ ర్యాంపు మీద అది నోట్లోంచి రాలేదు. "రెండు" అన్నాను.

దీప నా చేతిలోంచి తన చేయి మెల్లగా తీసుకుని గోడ పట్టుకుంది. ముందు నడుస్తున్న కట్టమ్మ వెనక్కి వచ్చింది. సీసా ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేయి కోడలి నడుము చుట్టూ వేసింది.

"సిస్టర్, నువ్వు కిందికి పో," అంది. "మేం పోతం."

నేను దిగి వచ్చేశాను.